గేరు మారితే సరిపోదు

(జిల్లా మహిళా సంఘం ‘స్త్రీలు - పని హక్కు’ అనే అంశంపై జరిపిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నది లారీ గేరుబాక్సు గురించి. మహిళా సభలో గేరుబాక్సు ఏమిటని ముందు వరసలో కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, తప్పులేదు. కానీ ఈ మధ్య మనతో చాలామంది ఒక మాట అంటున్నారు. ‘లారీలకు కూడా ఆటోమేటిక్ గేర్లు వచ్చేశాయమ్మా, ఇక క్లచ్ తొక్కే పనిలేదు, ఇక ఆడవాళ్లు కూడా నడపొచ్చు’ అని. చూడ్డానికి మంచి మాటే. అయితే అందులో ఇంకో మాట దాగి ఉంది. ఇన్నాళ్లూ మనల్ని ఆపింది క్లచ్ అనీ, మన బలహీనత అనీ దాని అర్థం. అది నిజమేనా? ఈ రోజు నేను తేల్చుకోవాలనుకుంటున్నది ఆ ఒక్క ప్రశ్నే.

నేను లారీ డ్రైవరు కూతుర్ని. మా నాన్న ముప్పై ఏళ్లు విజయవాడ నుంచి కలకత్తా లైనులో తిరిగాడు. ఆయన నడిపిన పాత లారీకి అయిదు గేర్లు. లారీ ఇంజనుకు బలం ఒక వేగం దగ్గరే ఉంటుంది. అందుకే లోడుతో కదలడానికి ఒక గేరు, ఎత్తు ఎక్కడానికి ఒకటి, చదును రోడ్డుకు మరొకటి కావాలి. ఆ పాత గేరుబాక్సులో పళ్లచక్రాల వేగాన్ని డ్రైవరే కలపాలి. కింది గేరులోకి రావాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్ చేయాలి, క్లచ్ వదలాలి, యాక్సిలరేటర్ ఇచ్చి ఇంజను వేగం పెంచాలి, మళ్లీ క్లచ్ తొక్కి గేరు వేయాలి. దీన్నే డబుల్ క్లచ్ అంటారు. తప్పితే గేరుబాక్సు పళ్లు నూరినట్టు అరుస్తుంది. నాన్న పక్కన కూర్చుని ఆ చప్పుడు వినే, ఏ గేరు ఎప్పుడు వేయాలో నేర్చుకున్నాను. గేరు వేయడానికి బలం కొంత కావాలి. కానీ ముఖ్యంగా కావలసింది చెవి, ఓపిక, అలవాటు. ఈ మూడూ ఆడవాళ్లకు లేవని ఎవరైనా అంటే మన వంటిళ్లూ పొలాలూ చూడనివాళ్లే.

బరువు సంగతికొద్దాం. రోడ్డు పనుల్లో కంకర తట్ట ఎత్తేది ఎవరు? మూడో అంతస్తు స్లాబుకు సిమెంటు మాలు మోసేది ఎవరు? రోకలి పట్టి వడ్లు దంచింది ఎవరు? ఆ పనుల దగ్గర ‘నీకు బలం లేదు, నువ్వు కూర్చో’ అని మనతో ఎవరూ అనలేదు. రోకళ్లు పోయి రైస్‌మిల్లు వచ్చింది. మిల్లు స్విచ్చి దగ్గర మగవాడు నిలబడ్డాడు. మన చేతికి చీపురు, చేట మిగిలాయి. నడుం వంచి చేత్తో నాట్లు వేసినంత కాలం అది ఆడవాళ్ల పని. నాటు యంత్రం వచ్చింది. దాని సీటు మీద కూర్చున్నది మగవాడు. అంటే పని బరువుగా ఉన్నప్పుడు అది మనది, యంత్రం వచ్చి తేలికైతే మగవాళ్లది. ఒక్క లారీ విషయంలోనే ఇది తలకిందులవుతుందని, యంత్రం తేలికైంది కాబట్టి దాన్ని మన చేతికిస్తారని నమ్మమంటున్నారు. యంత్రం తనంతట తాను ఎవరి చేతికీ రాదు. ఎవరి చేతికి వెళ్లాలో నిర్ణయించేది యజమాని, సమాజం, చట్టం.

నా సంగతే చెబుతాను. 2004లో నాకు హెవీ లైసెన్సు వచ్చింది. దాన్ని పట్టుకుని ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు వెళ్లాను. ఓనరు పెద్దమనిషి, మర్యాదస్తుడు. కుర్చీ వేయించి టీ ఇప్పించాడు. ‘పదిటైర్ల బండి క్లచ్ నీ వల్ల కాదమ్మా. కావాలంటే తొక్కి చూడు’ అన్నాడు. బండెక్కి తొక్కాను. దిగింది. ‘ఒకసారి దిగుద్ది తల్లీ. రోజుకు వెయ్యిసార్లు తొక్కాలి’ అన్నాడు. అంతే, పని లేదు.

తర్వాత పదిహేనేళ్లకు పైగా ఒక స్కూలు బస్సు నడిపాను. దానికీ క్లచ్ ఉంది. ఊళ్లో ప్రతి మలుపు దగ్గరా, ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా తొక్కాల్సిందే. యాభై మంది పిల్లల్ని నా చేతికి అప్పగించడానికి ఎవరూ జంకలేదు. సిమెంటు బస్తాలు అప్పగించడానికి మాత్రం జంకారు.

2021లో అదే ఓనరు రెండు కొత్త ఆటోమేటిక్ లారీలు కొన్నాడని తెలిసింది. మళ్లీ వెళ్లాను. ‘క్లచ్ లేదు కదా బాబాయ్, ఇప్పుడిస్తారా?’ అన్నాను. ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు. ‘క్లచ్ మాట కాదమ్మా. రాత్రిళ్లు దారిలో ఎక్కడ ఆగుతావు? ఏదైనా అయితే నేనేం చెప్పాలి?’ అన్నాడు. అక్కలారా, క్లచ్ పోయింది కానీ ‘కాదు’ అనే మాట పోలేదు. కారణం మాత్రం మారింది. నిజం చెప్పాలంటే ఆయన రెండోసారి అడిగినదే అసలు ప్రశ్న. మొదటిసారే అది అడిగి ఉంటే, ఈ పదిహేడేళ్లూ మనం దాని జవాబు కోసం పనిచేసి ఉండేవాళ్లం.

ఇంతకీ ఈ ఆటోమేటిక్ అంటే ఏమిటి? రెండు రకాలున్నాయి. ఊళ్లో తిరిగే పెద్ద ఏసీ బస్సులు, గనుల్లో పెద్ద డంపర్లు కొన్నింటిలో ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య క్లచ్‌కు బదులు నూనె ద్వారా బలం అందుతుంది. రోడ్డు మీద సరుకు మోసే లారీల్లో ఎక్కువగా వస్తున్నది రెండో రకం. అందులో గేరుబాక్సు మామూలుదే, క్లచ్ కూడా లోపల ఉంటుంది. దాన్ని తొక్కేది మన కాలు కాదు, కంప్యూటరు చెప్పినట్టు గాలి ఒత్తిడితో పనిచేసే పరికరం. కింద రెండే పెడళ్లు, బ్రేకు, యాక్సిలరేటర్. యూరప్‌లో, అమెరికాలో ఇప్పుడు కొత్తగా అమ్ముడుపోయే పెద్ద లారీల్లో అధిక భాగం ఇవే. మన దేశంలో రోడ్డు మీదున్న లారీల్లో అధిక భాగం ఇప్పటికీ క్లచ్ ఉన్నవే.

ఈ యంత్రాన్ని నేను తక్కువ చేయడం లేదు. మా నాన్న ఎడమ మోకాలు అరిగిపోయింది. చివరి పదేళ్లు మెట్లెక్కాలంటే గోడ పట్టుకునేవాడు. మగవాళ్ల మోకాళ్లూ ఇనుముతో చేసినవి కావు. క్లచ్ తొక్కే పని తగ్గితే అది డ్రైవర్లందరికీ మేలు. కొత్తవాళ్ల చేతిలో క్లచ్ ప్లేట్లు తొందరగా కాలిపోవు, ఓనరుకూ లాభమే. ట్రాఫిక్‌లో అలసట తగ్గితే ప్రమాదాలూ తగ్గుతాయి. కాబట్టి దీన్ని కార్మికుల ఆరోగ్యం కోసం అడుగుదాం. ‘బలహీనులైన ఆడవాళ్ల కోసం’ అని మాత్రం అడగవద్దు.

ఎందుకంటే ఆటోమేటిక్ రాకముందే స్త్రీలు పెద్ద బళ్లు నడిపారు. 1993లోనే తమిళనాడు ప్రభుత్వ బస్సు స్టీరింగ్ పట్టింది వసంతకుమారి. భోపాల్‌లో ఉండే యోగితా రఘువంశి న్యాయశాస్త్రం చదివింది. భర్త పోయాక పిల్లల్ని పోషించుకోవడానికి లారీ ఎక్కింది, రాష్ట్రాలు దాటి సరుకు చేరవేసింది. మన తెలంగాణ తండా నుంచి వెళ్లిన వి. సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో మొదటి మహిళా బస్సు డ్రైవరయింది. సొంత రాష్ట్రంలో ఆర్టీసీ బస్సు నడపడానికి ఆమె 2025 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ పదేళ్లు ఆమెను ఆపింది గేరు రాడ్డా? కాదు కదా.

ఇప్పుడు నా భయాలు రెండు చెబుతాను.

మొదటిది, ‘ఆడవాళ్ల బండి’ అనే ముద్ర. గేర్లు లేని స్కూటరు సంగతి మీకు తెలుసు. టీచరమ్మలకూ, నర్సులకూ, కాలేజీ పిల్లలకూ అది కాళ్లిచ్చింది. దాన్ని తక్కువ చేయను. కానీ మన లైసెన్సులో గేరున్న మోటారు సైకిలు వేరు, గేరు లేనిది వేరు. గేరు లేని బండికే లైసెన్సు తీసుకున్న అమ్మాయి గేరున్న బండి నడిపితే అది చట్టరీత్యా నేరం. లారీల్లోనూ ఇలాంటిది పరాయి దేశాల్లో ఉంది. అమెరికాలో ఆటోమేటిక్ ట్రక్కు మీద పరీక్ష ఇచ్చినవాళ్ల లైసెన్సు మీద ‘ఇ’ అనే గుర్తు పడుతుంది. వాళ్లు మాన్యువల్ గేర్ల వాణిజ్య వాహనం నడపకూడదు. యూరప్‌లో ఆటోమేటిక్‌కే పరిమితమైన లైసెన్సుకు 78 అనే సంకేతం ఉంది. రేపు మన దగ్గర ‘మహిళలకు ప్రత్యేక శిక్షణ’ పేరుతో ఆటోమేటిక్ బండి ఒక్కటే నేర్పి పంపిస్తే ఏమవుతుంది? రోడ్డు మీద ఎక్కువగా ఉన్నవి క్లచ్ బళ్లు. మన సర్టిఫికెట్ గోడకు వేలాడుతుంది, మనం ఇంట్లో కూర్చుంటాం.

అదీకాక, ఆటోమేటిక్ నడిపేవాళ్లకూ గేర్లు తెలియాలి. శ్రీశైలం ఘాట్, మారేడుమిల్లి ఘాట్ దిగేటప్పుడు బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకుంటే డ్రమ్ములు వేడెక్కి బ్రేకు పట్టు వదిలేస్తుంది. ‘ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు’ అని మా నాన్న చెప్పేవాడు. డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో దించి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లను ఆయన చూశాడు. ఆటోమేటిక్ లారీలోనూ దిగుడులో కింది గేరు పట్టి ఉంచమని మనమే చెప్పాలి. అది తెలియనివాళ్లు డ్రైవర్లు కారు, సీటు మీద కూర్చున్నవాళ్లు మాత్రమే.

రెండో భయం కూలి గురించి. పనిలో నేర్పు తగ్గిందనే సాకుతో కూలి తగ్గించడం యజమానులకు పాత అలవాటు. ‘ఆటోమేటిక్ బండికి డ్రైవరెందుకమ్మా, ఎవరైనా నడుపుతారు’ అని మొదట అంటారు. తర్వాత ఆడవాళ్లను తక్కువ జీతానికి పెట్టుకుంటారు. అప్పుడు మగ డ్రైవర్లు మన మీద కోప్పడతారు, ఓనరు మీద కాదు. గేర్లు మార్చడం డ్రైవరు పనిలో ఒక భాగమే. లోడు సరిగా కట్టారో లేదో చూసుకోవడం, టైర్లు చూసుకోవడం, కాగితాలు, చెక్‌పోస్టులు, వానలో, పొగమంచులో, నిద్రలేని రాత్రిలో నలభై టన్నులు ఒడ్డుకు చేర్చడం - ఇవన్నీ ఏ కంప్యూటరూ తీసుకోలేదు. కాబట్టి బండి ఏదైనా, నడిపేది ఎవరైనా, సమాన పనికి సమాన వేతనం. ఇందులో రాజీ ఉండకూడదు.

గేరు పోతే అన్నీ సర్దుకుంటాయనేవాళ్లకు అమెరికా అనుభవం చూపించాలి. అక్కడ ఆటోమేటిక్ ట్రక్కులు అంతగా వ్యాపించినా ట్రక్కు డ్రైవర్లలో స్త్రీలు నూటికి పది మంది కూడా లేరు. కొత్తగా చేరిన డ్రైవరు శిక్షకుడితో కలిసి వారాల తరబడి ఒకే కేబిన్‌లో తిరగాలి, అందులోనే పడుకోవాలి. ఆ కేబిన్లలో లైంగిక వేధింపులు జరిగాయని సుమారు 270 మంది స్త్రీల తరఫున అక్కడి సమాన ఉపాధి అవకాశాల కమిషన్ 2007లో ఒక పెద్ద కంపెనీ మీద దావా వేసింది. వారిలో 67 మంది ఫిర్యాదులను, కమిషన్ ఒక్కొక్కరి విషయం ముందుగా విడిగా దర్యాప్తు చేయలేదన్న కారణంతో కోర్టు తోసిపుచ్చింది. 2016లో ఆ కేసు అక్కడి సుప్రీంకోర్టుకు వెళ్లింది. కానీ ఆ కోర్టు ముందున్నది లాయరు ఖర్చుల తగాదా. ఆ స్త్రీల బాధ కాదు.

మరి మన దగ్గర చట్టం ఏం చెబుతోంది? తెలిసి ఉంటే పనికొచ్చేవి కొన్ని చెబుతాను, రాసుకోండి.

లైసెన్సు విషయం. 1988 మోటారు వాహనాల చట్టం ఆడ, మగ తేడా పెట్టలేదు. రవాణా వాహనానికి ఇరవై ఏళ్లు నిండాలి. పెద్ద లారీ నేర్చుకోవాలంటే ముందు తేలికపాటి వాహనం లైసెన్సు ఏడాది పాటు ఉండాలి. ఇదివరకు రవాణా వాహనానికి ఎనిమిదో తరగతి చదివుండాలనే నిబంధన ఉండేది. 2019లో దాన్ని తీసేశారు. బడి మధ్యలో మానేసిన మన ఆడపిల్లలకు ఇది చాలా పెద్ద విషయం, కానీ చెప్పేవాళ్లు లేరు. ఇంకొకటి. సరుకుతో కలిపి 7,500 కిలోలు దాటని రవాణా వాహనాన్ని మామూలు తేలికపాటి వాహనం లైసెన్సుతోనే నడపవచ్చని, వేరే అనుమతి అక్కర్లేదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అంటే కారు లైసెన్సున్న చెల్లెలు రేపే చిన్న సరుకు బండి నడిపి బతకవచ్చు.

రాత్రి పని విషయం. 1952 గనుల చట్టం స్త్రీలను రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా గనుల పైభాగంలో కూడా పనిచేయనివ్వలేదు. రక్షణ పేరు చెప్పి జీతం ఎక్కువున్న షిఫ్టులన్నీ మూసేశారు. 2019 జనవరిలో కేంద్రం దాన్ని సడలించింది. ఆ తర్వాతే గనుల్లో డంపర్ల మీద స్త్రీలు అన్ని షిఫ్టుల్లో కనబడగలిగారు. ఆ డంపర్లు చాలావరకు అంతకుముందు కూడా ఆటోమేటిక్‌వే! యంత్రం ఎప్పుడో మారింది. తలుపు తెరుచుకున్నది చట్టం మారాక. నా మాటకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. 2020 వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. సమ్మతి ఉంటే, భద్రత ఏర్పాట్లు చేస్తే, స్త్రీలు ఏ పనిలోనైనా రాత్రి కూడా చేయవచ్చని అది చెబుతోంది.

అయితే ఇదే కోడ్‌లో ఒక మెలిక ఉంది. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని అంది. రాత్రి బస చేసే చోట విశ్రాంతి గదులు యజమానే ఏర్పాటు చేయాలంది. అయిదుగురు పనివాళ్లున్న సంస్థలన్నిటికీ అది వర్తించేది. కొత్త కోడ్ ఆ చట్టాన్ని కలిపేసుకుంది. ఇప్పుడు పది మంది ఉంటేనే వర్తిస్తుంది. మన దగ్గర ఒకటి రెండు లారీలున్న ఓనర్లే ఎక్కువ. వాళ్ల దగ్గర డ్రైవరు ఎన్ని గంటలు నడిపినా అడిగేవాడు లేడు. ఇది మగ డ్రైవర్లకూ అన్యాయమే. మనం వాళ్లతో కలిసి అడగవలసిన చోటు ఇది.

వేధింపుల విషయం. 2013 చట్టం ప్రకారం ఉద్యోగం మీద వెళ్లే ప్రతి చోటూ పనిస్థలమే. యజమాని ఇచ్చిన వాహనం కూడా అందులోకి వస్తుంది. లారీ కేబిన్ పనిస్థలం కాదని ఎవరైనా అంటే నమ్మకండి. పదిమంది కన్నా తక్కువ ఉన్న చోట ఫిర్యాదు తీసుకోవడానికి ప్రతి జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. మన జిల్లా కమిటీ ఎక్కడుందో ఈ హాలులో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. చూశారా!

ఇక మనం అడగాల్సినవి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను.

ప్రభుత్వ సొమ్ముతో స్త్రీలకిచ్చే డ్రైవింగ్ శిక్షణలో క్లచ్ బండి, ఆటోమేటిక్ బండి రెండూ నేర్పాలి. ఘాట్ రోడ్డు మీద, రాత్రిపూట నడపడం కూడా నేర్పాలి. శిక్షకుల్లో స్త్రీలుండాలి.

ఆర్టీసీ, మున్సిపాలిటీలు, ప్రభుత్వ గనులు డ్రైవరు పోస్టుల్లో స్త్రీలను తీసుకోవాలి. ప్రభుత్వమే తీసుకోకపోతే ప్రైవేటు ఓనర్ని మనం ఏ ముఖంతో అడుగుతాం?

జాతీయ రహదారి పొడవునా తాళం వేయని మరుగుదొడ్లు, దీపాలున్న పార్కింగ్, గడియ ఉన్న విశ్రాంతి గది స్త్రీలకు ఉండాలి. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే పెద్ద లారీల కేబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. సంతోషం. కేబిన్‌లో చల్లదనం గురించి ఆలోచించినవాళ్లు, కేబిన్ దిగాక ఆడమనిషి ఎక్కడికి వెళ్లాలో కూడా ఆలోచించాలి.

పని గంటల పరిమితి ఒక్క లారీ ఉన్న ఓనరుకూ వర్తించాలి. ఫిర్యాదు కమిటీ చిరునామా ప్రతి ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో, ప్రతి టోల్‌గేటు దగ్గర బోర్డు మీద రాయాలి.

‘రాత్రిళ్లు ఎక్కడ ఆగుతావమ్మా?’ అని ఆ ఓనరు అడిగిన ప్రశ్నకు నాకు అప్పుడు జవాబు లేదు. ఇప్పుడుంది. ‘ఆగడానికి చోటు ఏర్పాటు చేయడం మీ బాధ్యత, ప్రభుత్వ బాధ్యత. నడపడం నా హక్కు.’ ఈ జవాబు ఒక్కదాన్నీ వెళ్లి చెబితే ఆయన మళ్లీ టీ ఇప్పించి పంపిస్తాడు. యాభైమందిమి వెళ్లి చెబితే వినక తప్పదు.

చివరగా ఒక మాట. మా స్కూలు బస్సు ఆదివారాలు ఖాళీగా ఉంటుంది. యాజమాన్యం ఒప్పుకుంది. తేలికపాటి వాహనం లైసెన్సు ఏడాది నిండినవాళ్లు లెర్నర్స్ లైసెన్సు తీసుకుని రండి, మైదానంలో నేర్పుతాను. లైసెన్సు లేనివాళ్లు కూడా రండి, అప్లికేషను ఎలా పెట్టాలో చెబుతాను. అది క్లచ్ బండే. ముందు దాన్ని నేర్చుకుందాం. ఆటోమేటిక్ వచ్చినప్పుడు అదీ మనదే.

సెలవు.